తండ్రి వేషం

ఊపిరి తీసుకోని రబ్బరు పాపకు నర్సింగ్ విద్యార్థిని మాస్కు పెట్టి గాలి అందించాలి. పక్కన తండ్రి గోల చేస్తూ ఆమెను కంగారు పెట్టాలి. ఉజ్వల మేడమ్ పెట్టిన కొత్త పరీక్ష అది. తండ్రి వేషం కాలేజీ వాచ్‌మన్ గణపతిరావుది.

అతను గోడవార నిలబడిపోయాడు.

"ఏటి బాబాయ్, నోరు పెగల్దేటి? నిజం తండ్రయితే అవతల బారిడీహ్ పేట దాకా వినబడీలా అరవడా!" అంది చూస్తున్న పిల్లల్లో ఒకమ్మాయి.

పిల్లలు నవ్వారు.

"నేదమ్మా. మా పాప పుట్టినపుడు ఇలాగే నిలబడ్డాను. ఏటవుతందో ఎవులూ సెప్పనేదు. ఆకరికి ఊపిరి నేని పాపని గుడ్డలో సుట్టి ఇచ్చీసినారు."

మేడమ్ విద్యార్థిని వైపు తిరిగింది. "మళ్ళీ మొదలెట్టు. ఈసారి ఆయనకి చెప్తూ చెయ్యి."

"అంకల్, మీ పాపకి ఊపిరి అందిత్తన్నాను. గుండె కొట్టుకుంటంది."

గణపతిరావు బొమ్మను చూడలేదు.

"ఇంకోపాలి సెప్పమ్మా," అన్నాడు.