అత్తగారి ఆఖరి కిమ్చీ

కిమ్చీ ఫ్రిజ్ మళ్ళీ కుయ్‌మంది. నేను చల్లదనం మీట నొక్కి పడుకోవడం, అది తనంతట తానే పులియబెట్టే మీటకు మారడం, వారం రోజులుగా ఇదే గోల. లోపలున్నది మా అత్తగారు పోయేముందు పెట్టిన కిమ్చీ, మా కొరియా వాళ్ళ క్యాబేజీ ఊరగాయ. పులిసిపోతే మళ్ళీ రాదు. మా ఆయన సంగ్‌హో నైట్ డ్యూటీకి వెళ్ళాడు. విసుగెత్తి మెకానిక్‌కి ఫోన్ చేశాను.

"తలుపు సరిగ్గా పడిందా అమ్మా?"

"పడింది బాబూ!"

"ప్లగ్గు తీసి పెట్టారా?"

"పదిసార్లు పెట్టాను. నా ప్రాణం తోడేస్తోంది, వచ్చి చూడు!"

అతను నవ్వాడు. "నేనెందుకమ్మా? ముందు మీ పక్కనున్న పెద్దావిడకు చెప్పండి. 'మా సంగ్‌హోకి పుల్లగా ఉంటేనే ఇష్టం' అంటూనే ఉన్నారుగా."

ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

నా వెనక మీట కుయ్‌మంది.