వెనక చక్రాల గాలి

"వెనక చక్రాల్లో గాలి తీయప్పా."

కంటి ఆస్పత్రి గేటు ముందర తల్లిని ఆటోలో కూర్చోబెడుతున్న తిప్పేష్ తిరిగి చూశాడు.

వెలిసిపోయిన చీర, చేతిలో గుడ్డసంచి. నడివయసు మనిషి. మునుపెప్పుడూ చూసిన ముఖం కాదు.

"ఏమి?"

"చక్రాలు రాయి మాదిరి ఉండాయి. పెద్దామె ఎగిరెగిరి పడతాది. రోంత గాలి తీయి."

తిప్పేష్‌కు ఒళ్లు మండింది. అమ్మను ఇంటికి తీసుకుపోయే రోజని పొద్దున్నే పనిగట్టుకొని గాలి కొట్టించాడు. అనంతపురం, బత్తలపల్లె మధ్య తిరిగే ఆటోలన్నీ అంతే. మనుషుల్ని కుక్కాలి, మూటలు కుక్కాలి, చక్రం గట్టిగా ఉండాలి. గాలి ఎంత నిండితే బండి అంత మెత్తగా పోతుందని అతని లెక్క.

"నీ దారి నువ్వు చూసుకోమ్మా."

"నీకోసం కాదు, ఆ కంటికోసం చెప్తాండా."

తల్లి కదిరమ్మ కుడికంటికి కట్టు ఉంది. ఎడమకన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన ఈ ఒక్కదానికి నల్లగుడ్డు మీది పొర మార్చి కుట్లు వేశారు. కుదుపు తగిలినా, దుమ్ము పడినా ఇంక చేసేదేమీ లేదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఆ ఆడమనిషి ఊరుకోలేదు. ఆటో పక్కనున్న రెక్సిన్ పరదా ముడి విప్పబోయింది.

"ఆషాఢం గాలి, పడమట నుంచి కొడతాండాది. ఈ పక్క పరదా దించు. ఆ పక్కది సగం ఎత్తిపెట్టు. రెండూ మూస్తే ఉడుకు, రెండూ తెరిస్తే దుమ్ము."

తిప్పేష్ ఆమె చేతిని విసురుగా తోసేశాడు.

పక్క ఆటోలోంచి కుళ్లాయప్ప నవ్వాడు. "ఏమప్పా తిప్పేషా, కొత్త ఓనరమ్మ వచ్చినట్లుండాదే."

"ఆటో నాదా, నీదా?" తిప్పేష్ ఆమె మీదికి పోయాడు.

"ఆటో నీదే." ఆమె గొంతు తగ్గింది. "నేనూ వస్తానప్పా. పెద్దామె తల పట్టుకొని కూర్చుంటా. బత్తలపల్లెలో దిగి, బస్సుకు వెనక్కొస్తా."

అప్పుడు తిప్పేష్‌కు అర్థమైనట్టనిపించింది. ఇట్లాంటి వాళ్ల గురించి స్టాండులో రోజూ వింటూనే ఉన్నాడు. పక్కన చేరతారు, మంచి మాటలు చెప్తారు, దిగేసరికి మెడ బోసి.

"అమ్మా, మెడలో బంగారు గుండ్లదండ కొంగు కింద పెట్టుకో," అన్నాడు, అందరికీ వినపడేట్టు.

ఆమె ముఖం నల్లబడింది. అయినా పక్కకు జరగలేదు. కదిరమ్మ కట్టు వైపే చూస్తూ నిలబడింది.

"ఎవురు నాయనా?" అని అడిగింది కదిరమ్మ.

"ఎవురో పిచ్చిదిలేమ్మా."

ఆటో కదిలించాడు. ఆమె రెండడుగులు వెంబడి వచ్చి ఆగిపోయింది.

ఊరు దాటగానే మొదటి స్పీడ్ బ్రేకరు.

"అబ్బా," అంది కదిరమ్మ.

నిదానంగా పోయినా బండి బంతి మాదిరి ఎగిరింది. పడమటి గాలి ఎర్రదుమ్మును తెచ్చి లోపల సుడి తిప్పింది. కదిరమ్మ కట్టుమీద రెండు చేతులూ మూసుకుంది.

"కుట్లు లాగుతాండాయి నాయనా."

తిప్పేష్ బ్రేకు మీద కాలు పెట్టాడు. కదిరి నరసింహస్వామికి లోలోపలే మొక్కుకున్నాడు. మొక్కుకుంటే బండి ఎగరడం ఆగుతుందా? రోడ్డు వారన ఆపి దిగాడు.

ఆ ఆడమనిషిని తిట్టుకుంటూనే వాల్వు పిన్ను నొక్కాడు. గాలి బుస్సుమంది. రెండో చక్రానిదీ తీశాడు. పడమటి పరదా దించి కట్టాడు. రెండోది సగానికి ఎత్తాడు.

తర్వాతి గుంతలో ఆటో ఒకసారి ఒరిగి, మెల్లగా లేచింది. దుమ్ము పరదాకు కొట్టుకొని బయటే ఉండిపోయింది.

"ఇప్పుడు ఊయల మాదిరి ఉండాది," అంది కదిరమ్మ. "స్వామే ఆమె నోట చెప్పించినాడేమోరా."

"స్వామి అయితే అట్ల గద్దిస్తాడా?"

"నువ్వు వినకపోతే ఏం చేస్తాడు మరి?"

తిప్పేష్ బండిని ఇంకా నిదానం చేశాడు.

మళ్లీ ఆస్పత్రికి పోయిన రోజు రూతు సిస్టరు కట్టు విప్పింది. కదిరమ్మ కన్ను చికిలించి, కొడుకు ముఖాన్ని కాసేపు చూసింది.

"గడ్డం గీసుకొనేదానికేం రోగమురా?"

తిప్పేష్ నవ్వబోయి, ముఖం తిప్పుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"కుట్లు చెక్కు చెదరలేదు," అంది రూతు. "ఆ రోడ్డు మీద ఎట్ల తీసకపోయినావప్పా?"

తిప్పేష్ చెప్పాడు. చేయి తోసేసింది కూడా దాచలేదు. గుండ్లదండ మాట చెప్పేటప్పుడు మాత్రం తల వంచుకున్నాడు.

"ఈసారి కనపడితే ఎక్కించుకుంటా సిస్టర్. ముందు సీట్లో కూర్చోబెడతా."

"ఇంక కనపడదు. నిన్ననే పిల్లల్ని తీసుకొని బెంగళూరుకు కూలికి పోయింది."

"ఈడ పని చేస్తాండెనా?"

"లేదు."

"చూపించుకొనేదానికి వచ్చిందా?"

రూతు కట్టుగుడ్డ మడిచి పక్కన పెట్టింది. "మేము ఆమెకు ఎవరి పేరూ చెప్పలేదప్పా. చెప్పకూడదు కూడా. వార్డు బయట కూర్చొని కూర్చొని, ఆమే కనిపెట్టింది."

"ఏం కనిపెట్టింది?"

రూతు కదిరమ్మ వైపు చూసి, గొంతు తగ్గించింది.

"ఆమె మొగుడూ నీ మాదిరే ఆటో తోలేటోడు, పోతూ పోతూ కండ్లు ఇచ్చిపోయినాడు, వాట్లో ఒకటి ఆ పొద్దు మీ ఇంటికి పోతాందని తెలిసి, సాగనంపేదానికి వచ్చింది."