రంపపు పొట్టు పొలాలు

"కాచేసిన టీ పొడి పారెయ్యకండమ్మా. నాకివ్వండి."

అమ్మాజీ తలెత్తి చూసింది. కొట్టు ముందు ఎవరో కొత్త మనిషి. చేతిలో గోనెసంచి.

"దేనికండి?"

"నేల చెయ్యడానికండి. మీ పాత పేటని చిన్న బొమ్మగా కడుతున్నాను."

ఆమె ఇంకేమీ అడగలేదు. తడి పొడి సంచిలో వంచేసింది.

తుపాను వచ్చి ఏడాది కావస్తోంది. సముద్రం వైపున్న పేట ఆ రాత్రికి రాత్రే ఊడ్చుకుపోయింది. భర్త త్రిమూర్తులు, కూతురు కావ్య అందులోనే పోయారు. అమ్మాజీ ముక్తేశ్వరంలో పుట్టింట్లో ఉండబట్టి మిగిలింది. ఇప్పుడీ కొత్త కాలనీలో టీ కొట్టు. పాలు పొంగినా ఆమె ఉలిక్కిపడదు.

కమ్యూనిటీ హాల్లో ఓ మూల చోటిమ్మన్నాడు ఆ మనిషి. ఇచ్చారు. తుపాను సాయం వాళ్ళెవరో పంపారనుకున్నారు. ఎవరూ పేరడగలేదు.

పొలాల కోసం అమలాపురం సామిల్లు నుంచి రంపపు పొట్టు తెచ్చాడు. ఆకుపచ్చ రంగులో నానబెట్టి ఎండేశాడు. మచ్చలు మచ్చలుగా ఆరింది.

"రంగునీళ్ళు మరగబెట్టి పొయ్యాలండి," అంది అమ్మాజీ, టీ ఇవ్వడానికి వచ్చి. "ముగ్గులకి అలాగే చేసేదాన్ని."

"ఆయ్. మీరే చూపించండి."

చూపించింది. ఈసారి పొట్టు నారుమడిలా పచ్చగా తేలింది.

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. పాత పేటలో ఉండే అబ్బులు అంబాజీపేట నుంచి కొబ్బరి పీచు తెచ్చాడు. పుల్లలకి పీచు చుడితే కొబ్బరి మానులయ్యాయి. రంగేసిన కోడి ఈకలు మట్టలయ్యాయి. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపారు. నీలం కాగితం మీద గాజు ముక్క పెడితే కాలవ. ఎండిన టీ పొడి గట్లు.

ఆ మనిషి అందరినీ ఒకటే అడిగేవాడు.

"మీ గుమ్మం ఎటు వైపండి?"

"తూర్పుకండి," అంది అమ్మాజీ. "అరుగుండేది. మా పాప అక్కడే కూర్చుని జడేయించుకునేది."

మట్టితో వేలెడంత అరుగు చేసి ఇచ్చాడు. అమ్మాజీ దాన్ని అట్టతో చేసిన తమ ఇంటి ముందు అంటించింది. ఏడుపొస్తుందేమోనని చూసుకుంది. రాలేదు.

సంవత్సరీకానికి ముందురోజు అంతా పూర్తయింది. చివరగా ఆ మనిషి తాటాకు ముక్కలతో అల్లిన చిన్న పాకని తెచ్చి కాలవ గట్టు మీద పెట్టాడు.

"అక్కడ ఇల్లు లేదండి," అంది అమ్మాజీ.

"పాకండి. ఉండేది."

"మా పేట మాకు తెలీదా? అబ్బులు గారూ, గట్టు మీద ఎవరన్నా ఉండేవారా?"

"అబ్బే, ఎవరూ లేరండి," అన్నాడు అబ్బులు.

"ఉన్నవే పెట్టండి," అంది అమ్మాజీ. "పోయినోళ్ళ మధ్య లేనిపోనివి పెట్టకండి."

ఆ మనిషి అందరి మొహాలూ చూశాడు. ఎవరూ కాదనలేదు.

రెండు వేళ్ళతో పాకని ఎత్తి చొక్కా జేబులో వేసుకున్నాడు. జిగురు మరక మీద ఇంత టీ పొడి చల్లి, అరచేత్తో నెమ్మదిగా అదిమాడు.

తెల్లారేసరికి అతను లేడు.

దీపాలు పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వచ్చారు. అమలాపురం గుడ్ల వ్యాపారి పాపారావు బొమ్మ చుట్టూ తిరిగి, కాలవ దగ్గర ఆగాడు.

"ఇక్కడ పాక పెట్టలేదేంటండీ?"

"అక్కడ పాకెక్కడిదండి?" అంది అమ్మాజీ.

"బాతులు మేపేవాళ్ళదండి. కైకలూరు వైపు నుంచి వచ్చేరు. తుపాను నాటికి వాళ్ళొచ్చి నెల కూడా కాలేదు. నేనే కదా వాళ్ళ గుడ్లు కొనేవాణ్ణి."

"వాళ్ళేమయ్యేరు?"

"భార్యా, ఇద్దరు పిల్లలూ కొట్టుకుపోయేరండి. ఆయన గుడ్లు దింపడానికి మా కొట్టుకొచ్చి చిక్కుబడిపోయేడు. ఆ ముగ్గురి శవాలూ దొరకలేదు, గుర్తూ దొరకలేదు. ఏ లెక్కలోకీ రాలేదు."

హాల్లో వాళ్ళంతా కాలవ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఆయన ఇప్పుడెక్కడున్నారండి?" అంది అమ్మాజీ.

పాపారావు ఆమెని వింతగా చూశాడు.

"అదేంటమ్మా, నాతో చెప్పే ఇక్కడికొచ్చేడు. నిన్నటిదాకా మీ దగ్గరే కూర్చుని ఈ పేట కట్టింది ఆయనే కదండీ!"