కిటికీ పక్క సీటు

కారు ఇంకా నిండలేదు.

వెనక సీట్లో కిటికీ పక్కన బురుల్ పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఉన్ని టోపీ సర్ది, పాప మొహం కిటికీ వైపు తిప్పింది. దగ్గు తెర వచ్చినప్పుడల్లా ఆ చిన్న గుండె ఎగిరెగిరి పడుతోంది.

కారు నిండితేనే పాపకు మందు. నిండకపోతే ఈ రాత్రి కూడా నిన్నటి రాత్రే.

"నరీన్! నరీన్! దొలోన్ కనుమలో మంచు పడకముందే దాటించేస్తా, రండి!" బయట డ్రైవరు కుబాత్ ఊరి పేరు చెప్పి గొంతు చించుకుంటున్నాడు.

వచ్చినవాళ్ళు వచ్చినట్టే అతని మొహం చూసి తప్పుకుంటున్నారు. కనుబొమ్మ మీంచి చెంప దాకా గాటు. ముందు పళ్ళు రెండూ బంగారువి. వెనకాల మసిపట్టిన టైర్ల కొట్టు. పొద్దున బురుల్ కూడా ఆ మొహం చూసి జంకింది.

మూటతో ఒక ముసలమ్మ వచ్చింది. కుబాత్ అందుకోబోతే వెనక్కి లాక్కుంది.

"ముట్టుకోకు! నీ వాలకం చూస్తే దారిలో గొంతు కోసేట్టున్నావ్."

"గొర్రెవైతే కోసేవాణ్ణే, అపా. నీ దగ్గర మాంసమెక్కడుంది?"

ముసలమ్మ నవ్వలేదు. వెళ్ళిపోబోతూ కారులోకి తొంగి చూసింది. అద్దానికి ముక్కు ఆనించి పాప ఆమెనే చూస్తోంది.

"అయ్యో, చంటిపిల్ల! ఎంతసేపైందే తల్లీ కూర్చుని?"

"పొద్దుట్నుంచీ, అపా."

"పొద్దుట్నుంచా! పసిదాన్ని పెట్టుకుని ఇంతసేపు కూర్చున్నావంటే..." ముసలమ్మ వెనక్కి తిరిగి కుబాత్‌ను మళ్ళీ చూసింది. "మా చిన్నోడికీ ఇట్లాంటి గాటే ఉండేదిలే. గుర్రం మీంచి పడ్డాడు, పిచ్చి సన్నాసి. ఊఁ, పట్టు మూట. మెల్లిగా! గుడ్లున్నాయందులో."

ఎక్కి బురుల్ పక్కన కూర్చుంది. మూట విప్పి, నూనెలో వేయించిన బోర్సోక్ ముక్కలు నాలుగు ఆమె ఒళ్ళో పోసింది.

"దారిలో తిందువుగాని. నరీన్‌లో ఎవరున్నారే నీకు?"

పాపకు దగ్గు తెర వచ్చింది. బురుల్ వీపు నిమురుతూ ఉండిపోయింది. జవాబు చెప్పే పని తప్పింది.

ఇంతలో ఒక జంట వచ్చింది. కుబాత్‌ను చూసి పెళ్ళాం మొగుడి చెయ్యి గుంజింది. ముసలమ్మ కారులోంచి తల బయట పెట్టింది.

"అట్లా చూస్తావేం? రామ్మా! మనిషి బంగారం. పళ్ళు చూస్తే తెలీట్లేదూ?"

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. మొగుడు ముందు సీట్లో, ఆమె వెనక ఎక్కారు.

కారు నిండింది. అయినా కుబాత్ ఎక్కలేదు. భుజాన సంచీతో ఒకతను ఇటే రావడం చూసి, కారు పైకప్పు మీద రెండుసార్లు తట్టాడు.

బురుల్ పాపను చంకనేసుకుంది. "పాప తడిపేసింది, అపా. మార్చుకొస్తా."

"తొందరగా రా, తల్లీ. నువ్వొచ్చేదాకా బండి కదలనివ్వను."

ఆ సంచీ అతను ఆమె ఖాళీ చేసిన సీట్లో సర్దుకుంటుండగా, కూర్చున్నందుకు కుబాత్ చాటుగా అందించిన, మందుకు సరిపోని నోటు పిడికిట్లో బిగించి, బురుల్ వెనక వరసలో నిలబడ్డ ఇంకో ఖాళీ కారెక్కి, దాని డ్రైవరు మొహమైనా చూడకుండా, టోపీ సర్ది పాపను కిటికీ వైపు తిప్పింది.