హెస్సెల్ కోసం

"వచ్చినవాళ్ళను ఫారాలు నింపనివ్వండి పెద్దాయనా! మీతో నాకు చచ్చే చావుగా ఉంది."

లీస్బెత్ గొంతు కాస్త పెద్దదే అయింది.

గాలిమర గుమ్మం పక్కన బల్ల మీద కూర్చున్న ముసలాయన నవ్వి, ఫ్లాస్కు మూత బిగించాడు.

పొద్దుట్నించీ ఇదే వరస. వచ్చినవాణ్ణి వచ్చినట్టు పట్టుకుని మర స్తంభానికి చెవి ఆనించమంటాడు. లోపల ఏ పళ్ళచక్రం మూలుగుతోందో చెప్పమంటాడు. ఒక్కొక్కరికీ ముప్పావుగంట. ఆ తర్వాత ఫారం మీద నాలుగు ముక్కలు రాసే ఓపిక ఎవరికుంటుంది?

లీస్బెత్‌కి ఆ ఫారాలే ఆధారం. ఈ ఫ్రీస్‌లాండ్ పల్లెలో మరను బాగుచేయిస్తే జనం వస్తారా, ఊరు బాగుపడుతుందా అని తేల్చమని పురపాలక సంఘం ఆమెను పంపింది. రారని తేలితే రెక్కలు పీకి ఫ్లాట్లు కడతారు. ఆమెకేమో చిన్నప్పట్నించీ గాలిమరలంటే ప్రాణం. అందుకే అంత మంట.

"అమ్మాయీ, నా పేరు..." అన్నాడు ముసలాయన.

"మీ పేరు నాకెందుకండీ? రోజూ వచ్చేవాళ్ళు లెక్కలోకి రారు!"

ఆయన అప్పుడే వచ్చిన ఇంకొకణ్ణి స్తంభం దగ్గరికి పిలిచాడు.

సాయంత్రం ఎలాగో నిండిన ఫారాలు తిరగేసింది. 'ఎందుకొచ్చారు?' అన్నచోట అందరిదీ ఒకటే జవాబు. హెస్సెల్ కోసం. ఎక్కడో గ్రోనింగెన్ నగరం నుంచి వచ్చినవాళ్ళూ అదే రాశారు, మూడోసారి వచ్చినవాళ్ళూ అదే రాశారు.

కాగితాల్లో మరకు నంబరే తప్ప పేరు లేదు. గుమ్మం మీది పాత పేరు ఎప్పుడో వెలిసిపోయింది. అయినా ఈ దేశంలో మరకు మనిషి పేరు పెట్టడం ఏమంత వింత? పక్క ఊరి మర పేరు యాకోబ్.

"హెస్సెల్! ఎంత ముద్దుగా ఉంది!" అనుకుంది లీస్బెత్.

నివేదిక రాసి పంపింది. 'హెస్సెల్ కోసం జనం ఎంత దూరం నుంచైనా వస్తారు. బాగుచేయిస్తే తప్పక లాభం. గుమ్మం దగ్గరి బల్ల మాత్రం తీసేయాలి. పనిలేనివాళ్ళు చేరి వచ్చినవాళ్ళను ఆపేస్తున్నారు.'

పట్నంలో కూర్చున్న సంఘంవాళ్ళు సరేనన్నారు.

అక్టోబరులో బల్ల పీకేశారు. ముసలాయన రెండ్రోజులు అక్కడే నిలబడి చూశాడు. మూడోరోజు రాలేదు.

పీడ వదిలిందనుకుంది లీస్బెత్.

చలికాలమంతా పట్నంలోనే ఉన్న లీస్బెత్ తిరిగొచ్చింది. మే నెలలో మర మళ్ళీ తెరిచారు. కొత్త రెక్కలు, కొత్త రంగు, గుమ్మం మీద బంగారు అక్షరాలతో 'హెస్సెల్' అని బోర్డు.

వారం గడిచింది. పదకొండుమంది వచ్చారు. వాళ్ళూ గుమ్మం దగ్గర అటూ ఇటూ చూసి, లోపలికి తొంగిచూసి, "ఇంతేనా?" అని వెళ్ళిపోయారు.

ఇలాగైతే మళ్ళీ ఫ్లాట్ల మాటే ఎత్తుతారు. లీస్బెత్‌కి ఒళ్ళు మండిపోయింది. విసవిసా ఎదురుగా ఉన్న రొట్టెల కొట్టుకు వెళ్ళింది.

"ఏంటి నింక గారూ, జనానికి ఏమొచ్చింది? అందరూ హెస్సెల్ కోసమనే రాశారుగా! ఎదురుగా హెస్సెల్ గిర్రున తిరుగుతుంటే ఒక్కరూ రారేం?"

నారింజ కేకు కోస్తున్న నింక చెయ్యి ఆగిపోయింది.

"హెస్సెల్ తిరగడమేంటే తల్లీ? ఫిబ్రవరిలోనే మట్టి చేశాంగా!"

"నేననేది మర సంగతండీ!"

"మర పేరు మార్యా. బోర్డు మీద హెస్సెల్ అని చూసి, ఆ ముసలాయన కూర్చునే బల్ల పీకించిన పాపం కడుక్కుంటున్నావనుకున్నాం."