గోరింటాకు పండిన చెయ్యి

ఆ రోజుల్లో బెజవాడ అంతా పాత సినిమా ప్రింటు రంగుల్లోనే బతికేది. అందరూ కళ్ళకు పెట్టుకునే పల్చటి పొరల్లోకి ఆ రంగులు దిద్ది పంపేది హైమ. వాటిలోంచి చూస్తే ఆకులు కాస్త నీలం తిరిగేవి, మొహాలు తేనెరంగులో మెరిసేవి. ఎరుపు మాత్రం ఎక్కడ చూసినా ఒక్కలాగే భగ్గుమనేది.

ఆషాఢమని అమ్మమ్మ నాంచారమ్మ గోరింటాకు రుబ్బి హైమ చేతికి పెట్టింది. హైమ కాసేపటికే కడిగేసుకుంది.

"అప్పుడే కడిగేశావేమే?"

"ఎంత ఎర్రగా పండిందో చూడు అమ్మమ్మా!"

"ఆ పొరలు తీసి చూడవే తల్లీ."

హైమ నవ్వుతూనే తీసింది. తన అరచేయి వెలిసిపోయిన నారింజ రంగులో ఉంది. పక్కనే అమ్మమ్మ చెయ్యి. ముందురోజు రాత్రంతా ఆకు ఉంచుకున్న చెయ్యి అది. ఆ ఎరుపు ముడతల్లో ముదిరి, వేళ్ళ కొసల్లో నల్లబడి, గోళ్ళ మీద నిప్పులా వెలుగుతోంది. ఏ ప్రింటులోనూ హైమకు అలాంటిది కనబడలేదు. పొరలు పెట్టుకుని చూస్తే రెండు చేతులూ ఒకటే ఎరుపు. మళ్ళీ తీసి, అమ్మమ్మ చేతి ఎరుపునే చూసింది.

"దీన్ని ఊరందరికీ ఎలా పంపను అమ్మమ్మా?"

నాంచారమ్మ మిగిలిన ముద్ద చేతిలోకి తీసుకుంది.

"ముందు నీ చెయ్యి ఇలా పట్టు. ఈసారి తెల్లారేదాకా కడగకు."