దొడ్డిగేటు

“చింపేది నిరుటిదే కదన్నా?” అని ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద నిలబడి మొగిలి వీరస్వామి చెవిలో గొణిగాడు.

“మెల్లగ,” అన్నాడు వీరస్వామి. “నిరుటి హాల్ టికెట్టే. ఈ యేటిది పెట్టెల భద్రంగ ఉన్నది. నేను చెయ్యి లేపినంక చప్పట్లు షురూ చెయ్యి. ముందుగాల కొట్టి ఆగం చెయ్యకు.”

ఎదురుగా ఇసుక వేస్తే రాలనంత జనం. అరవై తొమ్మిదో సంవత్సరం. ప్రత్యేక తెలంగాణ వచ్చేదాకా పరీక్షలు రాసేది లేదని పిల్లలంతా భీష్మించుకుని కూర్చున్న రోజులు. ఎమ్మే ఆఖరి ఏడు చదువుతున్న వీరస్వామి ఆ జనాన్ని ఒకసారి కలయజూసి, గొర్రెలు, అనుకున్నాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని పెద్దలు ఊరికే అన్నారా మరి!

ఉపన్యాసం అంటే అతనికి కొట్టిన పిండి. మొదట గొంతు బాగా తగ్గించాలి, వెనకవాళ్లు చెవులు రిక్కించుకుని ముందుకు జరగాలి. ఆ తరవాత ప్రశ్నలు వెయ్యాలి. జవాబు మాత్రం తను చెప్పకూడదు, వాళ్ల నోటితోనే చెప్పించాలి. అలా చెప్పిస్తే అదంతా తమ సొంత బుర్రలో పుట్టిందేనని మురిసిపోతారు, వెర్రిమాలోకాలు. చివర్లో కాస్త కంటతడి. అది కూడా హాస్టల్ గదిలో అద్దం ముందు సాధన చేసి పెట్టుకున్నదే.

నీళ్లెవరివని అడిగాడు, నౌకర్లెవరికి పోతున్నాయని అడిగాడు. జనం గొంతులు చించుకుని జవాబు చెప్పారు. అప్పుడు అతను చాలాసేపు ఆగాడు. ఎక్కడో పిల్లాడు ఏడవడం కూడా వినబడింది.

“పానాలిచ్చినోళ్లున్నరు,” అన్నాడు మెల్లగా. “మనం ఒక్క ఏడు ఇయ్యలేమా? పరీక్ష నాడు లోపటికి పోయెటోడు మన మీదికెల్లి దాటిపోవాలె.”

కాగితం నిట్టనిలువునా చింపి చెయ్యి పైకెత్తాడు. మొగిలి చప్పట్లు కొట్టాడు. ఇక ఆ తరవాత ఎవరూ ఆపలేదు. జేబుల్లోంచి హాల్ టికెట్లు తీసి పరపరా చింపేశారు. ఒకడైతే ఏడుస్తూ చింపాడు. నీ ఖర్మ, అనుకున్నాడు వీరస్వామి. ముషీరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు ఈ ఏడు పాసైతే లెక్చరర్ ఉద్యోగం ఇస్తామన్నారు, వచ్చే ఏటిదాకా ఆగేది లేదని ముందే చెప్పేశారు. ఇంతమంది పరీక్ష మానుకుంటే పోటీకి వచ్చే పీడే ఉండదు కదా.

కిందికి దిగేసరికి తల్లి ఉప్పలమ్మ ఎదురుగా నిలబడి ఉంది. మెట్టుగూడ నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చి తార్నాకలో పల్లీలు అమ్ముకునే మనిషి. కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

“బిడ్డా, గిట్ల చింపితివి. నీ నౌకరి?”

“పోతే పోనీ అమ్మా. పానాల ముందట నౌకరెంత.”

ఆమె కొడుకు మొహం వంక కాసేపు చూసి, గంపెత్తుకుని వెళ్లిపోయింది. వీరస్వామికి లోపల నవ్వు ఆగలేదు. కన్నతల్లే నమ్మింది, ఇక ఊరివాళ్లు ఒక లెక్కా!

పరీక్ష రోజు రానే వచ్చింది. హాలు ముందు గేటు దగ్గర కుర్రాళ్లు వరసగా నేల మీద పడుకున్నారు. నినాదాలు ఇప్పించే పని మొగిలిది. వీరన్న ఏడని ఎవరైనా అడిగితే నల్లకుంటలో పికెటింగు చేయిస్తున్నాడని చెప్పమని అతనికి వీరస్వామి ముందే నేర్పి పెట్టాడు. అందరి కళ్లూ ముందు గేటు మీదే ఉండగా, వీరస్వామి తలకు తువ్వాలు చుట్టుకుని, సగం మొహం కప్పుకుని, అసలు హాల్ టికెట్టు జేబులో పెట్టుకుని దొడ్డిగేటు వైపు నడిచాడు. కాపలావాడితో ముందే మాట్లాడి గడియ తీయించి ఉంచాడు. అడుగు లోపల పెడితే చాలు, ఉద్యోగం చేతికి వచ్చినట్టే.

గేటుకు అడ్డంగా ఎవరో పడుకుని ఉన్నారు. ఎండకు మొహం మీదినుంచి గోనెసంచి కప్పుకోవడంతో మనిషో మూటో కూడా తెలియడం లేదు. వీరస్వామికి ఒళ్లు మండిపోయింది. ముందు గేటుకు అంతమంది ఉండగా ఈ మారుమూలకు వచ్చి పడుకున్న ఈ పిచ్చిమనిషి ఎవరు? చెబితే మాత్రం ఇంతగా నమ్మాలా?

“జరుగు,” అన్నాడు గొంతు మార్చి. ఆ మనిషి జరగలేదు.

లోపల మొదటి గంట మోగింది. ఇక మర్యాదలకు టైము లేదనుకుని, ఆ మనిషిని దాటడానికి కాలెత్తాడు. గోనెసంచి కిందినుంచి ఒక చెయ్యి వచ్చి చీలమండ గట్టిగా పట్టుకుంది.

“నా కొడుకు నౌకరే ఇడిసిపెట్టిండు,” అంది సంచి కింది గొంతు. “నువ్వు ఒక్క పరీక్ష ఇడువలేవా, నాయనా?”

ఆ గొంతు ఎవరిదో అతనికి తెలుసు. వంగబోతే తువ్వాలు జారి కిందపడింది. ఉప్పలమ్మ సంచి పక్కకు తీసి, ఎండకు కళ్లు చికిలించి పైకి చూసింది. చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది. లోపల రెండో గంట మోగుతుంటే గబగబా పక్కకు జరిగి, సగం గోనెసంచి నేల మీద పరిచింది.

“ఒక్కదాన్నే ఉన్ననని తోడుకొచ్చినవా బిడ్డా? దా, గీడ పండుకో.”